ఆటల కంప్యూటరు: భాగముల పొందిక

ఒకే కాడికి ఒకవైపు ఎద్దును, మరొకవైపు దున్నపోతును కట్టి పొలమునకు పోవు రైతును చూచి ఊరివారు నవ్వుదురు. రెండును బలముగల పశువులే. కాని ఒకదాని నడక వేరు, మరొకదాని నడక వేరు. చాలు వంకర పోవును. కాడి మెడలను ఒరయును. సాయంకాలమునకు పని సగమైనను కాదు. నేడు ఆటలకని కంప్యూటరు కొనువారు పలువురు తెలియక ఇట్టి కాడినే కట్టుచున్నారు. విడివిడిగా చూచినచో ప్రతి భాగమును మంచిదే. కలిపి చూచినచో పొందిక లేదు.

కొంతకాలము క్రిందట మా కళాశాలలో ఇంటర్మీడియెటు చదువుచున్న విద్యార్థి ఒకడు, సాయంకాలము ప్రయోగశాల మూయు వేళ, నాయొద్దకు వచ్చెను. అతని చేతిలో కరగి నల్లబడిన చిన్న ప్లాస్టిక్కు కనెక్టరు ఒకటి ఉండెను. "సార్, కార్డే పాడయిందంటున్నారు. మేం వెనక్కి తీసుకోం అన్నారు కొట్టువాళ్ళు. నాన్నకి ఇంకా చెప్పలేదు" అనెను.

అతని తండ్రి ఆటో నడుపును. రెండు సంవత్సరములు కూడబెట్టిన 18,000 రూపాయలు కుమారుని చేతికిచ్చి కంప్యూటరు కొనుక్కొమ్మనెను. బాలునకు ఆటలు ఆడవలెననియు, దానితోపాటు బొమ్మలకు కదలిక కల్పించు విద్య నేర్వవలెననియు ఆశ. ఏదో ఆఫీసులో వాడి అమ్మివేసిన కంప్యూటరును అతడు కొనెను. దానిలో పెట్టుటకు, వాడిన గ్రాఫిక్సు కార్డును వేరొకచోట కొనెను. ఆట మొదలుపెట్టిన రెండు నిమిషములకు కంప్యూటరు ఆగిపోవుచుండెను. నాలుగవనాడు కాలిన వాసన వచ్చెను.

మరునాడు ఆ కార్డును మా ప్రయోగశాలలో పెద్ద పవర్ సప్లైగల కంప్యూటరులో అమర్చి చూచితిమి. గంటసేపు నిరాటంకముగా పనిచేసెను. కార్డునందు దోషము లేదు. ఆఫీసు కంప్యూటరునందును దోషము లేదు. దోషమంతయు ఆ రెండింటి కలయికలో ఉన్నది. అట్టి దోషమును డబ్బు ఇవ్వకముందే, కాగితముపై లెక్కవేసి, ఎట్లు కనుగొనవచ్చునో చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము. దీనికి కావలసిన భౌతికశాస్త్రము పదవ తరగతి విద్యార్థికి తెలిసినదే.

ఆట ఆడునపుడు జరుగు పని

సినిమాలో సెకండుకు 24 నిశ్చల చిత్రములు మన కంటిముందు వరుసగా పోవును. అవి కదలుచున్నట్లు మనకు తోచును. కంప్యూటరు ఆటలో సాధారణముగా సెకండుకు 60 చిత్రములు కావలెనని కోరుదురు. భేదమేమన, సినిమా చిత్రములు ముందే తీసి ఉంచినవి. ఆట చిత్రములను కంప్యూటరు అప్పటికప్పుడు గీయవలెను. మీట నొక్కువాడు కుడికి తిరుగునో ఎడమకు తిరుగునో దానికి ముందుగా తెలియదు గదా! కావున ఒక్కొక్క చిత్రమునకు దొరకు కాలము సెకండులో 60వ వంతు, అనగా సుమారు 16.7 మిల్లీసెకండ్లు మాత్రమే.

సాధారణమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉండును. ఈ రెండింటిని గుణించిన 20,73,600 చుక్కలు. సెకండుకు 60 పర్యాయములు వీటికి రంగు నిర్ణయింపవలెనన్నచో, సెకండుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలు.

ఈ పనిని ఇద్దరు పనివారు పంచుకొందురు. ఎవరు ఎక్కడ ఉన్నారు, బంతి గోడకు తగిలినదా, తలుపు తెరచుకొనవలెనా మొదలైనవాటిని తేల్చువాడు ప్రాసెసరు. ఆ నిర్ణయముల ప్రకారము వెలుగునీడలు చేర్చి, చుక్కలకు రంగులు వేయువాడు గ్రాఫిక్సు కార్డు. మొదటివాడు ఒక చిత్రమును ముగించి అందించి, తరువాతి చిత్రమునకు పోవును. రెండవవాడు అందుకొని గీయును.

ప్రాసెసరుకు చిత్రమునకు 10 మిల్లీసెకండ్లు, కార్డుకు 20 మిల్లీసెకండ్లు పట్టుననుకొందము. ఎంత ప్రయత్నించినను 20 మిల్లీసెకండ్లకు ఒక్క చిత్రమే బయటికి వచ్చును, సెకండుకు 50. ఇప్పుడు ప్రాసెసరును తీసివేసి రెండింతలు వేగము గలదానిని పెట్టినను 50 చిత్రములే వచ్చును. ఖర్చయిన డబ్బు తెరపై కనబడదు. ఇట్లే నెమ్మదిగల ప్రాసెసరు ప్రక్కన ఖరీదైన కార్డు పెట్టినచో, కార్డు చేతులు కట్టుకొని కూర్చుండును. పిండికొద్ది రొట్టె అన్నారు పెద్దలు. ఉన్న పిండిలో ఆటల కంప్యూటరుకు కార్డు వాటా పెద్దదిగా ఉండవలెను. కాని ఆ వాటాకోసము తక్కినవానిని పస్తు పెట్టరాదు.

సాకెట్టు: రూపము ఒకటైనను భాష వేరు కావచ్చును

ప్రాసెసరు కూర్చుండు పీటను సాకెట్టు అందురు. ఇది మదర్‌బోర్డుపై ఉండును. ఏ ప్రాసెసరైనను ఏ సాకెట్టులోనైనను కూర్చుండదు. ఎ.ఎమ్.డి. వారి ఎ.ఎమ్.4 సాకెట్టుకు 1331 రంధ్రములు. 2022లో వచ్చిన ఎ.ఎమ్.5 సాకెట్టుకు 1718 స్పర్శ బిందువులు. ఇంటెలువారి ఎల్.జి.ఎ. 1700 సాకెట్టు 2021లో వచ్చినది. 12, 13, 14 తరముల ప్రాసెసర్లు దానిలో కూర్చుండును. 2024లో దాని స్థానమున ఎల్.జి.ఎ. 1851 వచ్చినది.

అంకె కలసినంత మాత్రమున పని కలసినట్లు కాదు. దీనికి 2017లో మంచి నిదర్శనము దొరకినది. ఇంటెల్ 6, 7 తరముల ప్రాసెసర్లకు 1151 స్పర్శ బిందువుల సాకెట్టు ఉండెను. ఆ సంవత్సరము వచ్చిన 8వ తరమునకును 1151 బిందువులే. కొలత ఒకటే, ఆకారము ఒకటే. అయినను విద్యుత్తును అందించు బిందువుల పంపకము మారినది. కొత్త ప్రాసెసరు పాత బోర్డులో కూర్చుండునేగాని పనిచేయదు. పాత వస్తువులు అమ్ముచోట ఈ పొరపాటు నేటికిని జరుగుటకు వీలున్నది.

ఇంకొక మెలిక కలదు. మదర్‌బోర్డులో బయాస్ అను చిన్న ప్రోగ్రాము ఉండును. కంప్యూటరు వెలుగగానే మొట్టమొదట మేల్కొనునది అదియే. తాను పుట్టిన తరువాత పుట్టిన ప్రాసెసరును అది గుర్తింపలేదు. మొదట వచ్చిన ఎ.ఎమ్.4 బోర్డులలో తరువాతి కాలపు ప్రాసెసరును పెట్టవలెనన్నచో, ముందు బయాసును క్రొత్తదిగా మార్చవలెను. కావున బోర్డు చేసిన సంస్థ ప్రకటించు ప్రాసెసర్ల జాబితాలో మన ప్రాసెసరు పేరు చూచుకొనుట ఉత్తమము.

ప్రాసెసరు పేరునుగూర్చి ఒక్కమాట. "ఐ7 కంప్యూటరు" అని బోర్డుపై వ్రాసి అమ్ముట తరచుగా కనబడును. ఐ7 అనునది వంశనామము వంటిది. మనిషి వయస్సును అది తెలుపదు. 2009లో వచ్చిన ఐ7 860కి నాలుగు కోర్లు; 2022లో వచ్చిన ఐ3 12100కును నాలుగు కోర్లే. కాని రెండవది మొదటిదానికంటె ఎంతో వేగము గలది. అందుచేత పూర్తి అంకెను అడుగవలెను. చివర ఉన్న అక్షరమును సహితము విడువరాదు. ఇంటెల్ అంకె చివర 'ఎఫ్' ఉన్నచో ఆ ప్రాసెసరులో బొమ్మ గీయు భాగము లేదని అర్థము. వేరుగా కార్డు లేనిదే తెర వెలుగదు.

జ్ఞాపకశక్తి: ఒకటి పెద్దదా, రెండు చిన్నవా?

ర్యామ్ అను తాత్కాలిక జ్ఞాపకశక్తి పొడవైన పలకల రూపములో దొరకును. డి.డి.ఆర్.4 పలకకు 288 పిన్నులు, డి.డి.ఆర్.5 పలకకును 288 పిన్నులే. కాని మొదటిది 1.2 వోల్టులతో, రెండవది 1.1 వోల్టులతో పనిచేయును. లోపలి నిర్మాణమును వేరు. పొరపాటున ఒకదాని చోట మరొకటి పెట్టకుండునట్లు అంచుననున్న గాటును వేర్వేరు చోట్ల పెట్టినారు. బలవంతముగా నొక్కినవాడు స్లాటును విరుగగొట్టుకొనును. ఎ.ఎమ్.4 బోర్డుకు డి.డి.ఆర్.4, ఎ.ఎమ్.5 బోర్డుకు డి.డి.ఆర్.5 అని నియమము స్పష్టముగా ఉన్నది. ఎల్.జి.ఎ. 1700 బోర్డులు మాత్రము రెండు విధములుగాను చేయబడినవి. ఏది ఏదియో చూచి కొనవలెను.

సిద్ధముగా కూర్చి అమ్ము చౌక కంప్యూటర్లలో మిక్కిలి తరచుగా కనబడు లోపము ర్యామ్ పలక ఒక్కటే ఉండుట. దీని నష్టమును లెక్కకట్టవచ్చును. డి.డి.ఆర్.4–3200 అన్నచో సెకండుకు 320 కోట్ల పర్యాయములు, పర్యాయమునకు 8 బైట్ల చొప్పున సమాచారము కదలును. అనగా సెకండుకు 25.6 గిగాబైట్లు. ప్రాసెసరుకు ఇట్టి దారులు రెండు ఉండును. పలక ఒక్కటే ఉన్నచో రెండవ దారి ఖాళీగా పడియుండును. 16 గిగాబైట్ల పలక ఒక్కటి పెట్టుటకంటె 8 గిగాబైట్ల పలకలు రెండు, సరియైన స్లాటులలో పెట్టినచో, దారి 51.2 గిగాబైట్లకు పెరుగును. వేరుగా కార్డు లేక ప్రాసెసరే బొమ్మలు గీయు కంప్యూటర్లలో ఈ భేదము మరింత స్పష్టముగా కనబడును. ఏలయన బొమ్మలకును లెక్కలకును ఉన్న దారి అదొక్కటే.

కార్డు నడచు దారి

గ్రాఫిక్సు కార్డు మదర్‌బోర్డుతో మాటలాడు దారికి పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అని పేరు. పెద్ద స్లాటులో ఇట్టి వరుసలు 16 ఉండును. మూడవ తరము దారిలో ఒక వరుసకు సెకండుకు సుమారు ఒక గిగాబైటు పోవును. నాలుగవ తరములో దాదాపు రెండు.

2022 జనవరిలో ఎ.ఎమ్.డి. వారు ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. అను చౌక కార్డును విడుదల చేసినారు. దాని స్లాటు అంచు పొడవైనదే. కాని లోపల వాడుకొనునవి నాలుగు వరుసలు మాత్రమే. నాలుగవ తరము బోర్డులో దానికి సెకండుకు సుమారు 8 గిగాబైట్ల దారి దొరకును. మూడవ తరము బోర్డులో 4 గిగాబైట్లే. కార్డులోని సొంత జ్ఞాపకశక్తి 4 గిగాబైట్లు. ఆటకు అంతకంటె ఎక్కువ కావలసినప్పుడు, మిగిలినదానిని ర్యామ్‌నుండి ఈ దారివెంట తెచ్చుకొనవలెను. ఇరుకు సందులో సంతకు పోవు బండ్లవలె సమాచారము ఆగి ఆగి వచ్చును. ఆట కుదుపులతో నడచును. చౌక కార్డును కొనువారు ఎవరు? పాత బోర్డు కలవారే. అనగా ఆ కార్డు ఎవరికి మిక్కిలి అవసరమో వారికే తక్కువ ఫలము నిచ్చినది.

బోర్డు క్రొత్తదైనను మోసపోవుటకు తావున్నది. రైజెన్ 5 5500, రైజెన్ 5 5600 అను ప్రాసెసర్లు పేరులో ఒక్క అంకె భేదముతో కవలలవలె కనబడును. రెండును 2022లో వచ్చినవే. 5600 నాలుగవ తరము దారి నిచ్చును. 5500 మూడవ తరము దారి మాత్రమే నిచ్చును. గొలుసులో మిక్కిలి బలహీనమైన కొక్కెము ఎంత బరువు మోయునో గొలుసంతయు అంతే మోయును.

విద్యుత్తు: అసలు కథ ఇక్కడనే ఉన్నది

ఇక మన విద్యార్థి కనెక్టరు ఏల కరగినదో చూతము.

గోడ ప్లగ్గులోని 230 వోల్టుల విద్యుత్తును పవర్ సప్లై అను పెట్టె ముఖ్యముగా 12 వోల్టులకు దించి అందించును. ప్రాసెసరు, కార్డు రెండును ఈ 12 వోల్టుల తీగపై ఆధారపడినవే. వోల్టులు తక్కువైనచో అదే సామర్థ్యమునకు ఆంపియర్లు ఎక్కువ కావలెను. 230 వోల్టులపై 240 వాట్లకు ఒక ఆంపియరుకంటె కొంచెము ఎక్కువ చాలును. 12 వోల్టులపై అదే 240 వాట్లకు 20 ఆంపియర్లు కావలెను. కంప్యూటరు లోపలి తీగలు లావుగా ఉండుటకు కారణమిదే.

ఆ ఆఫీసు కంప్యూటరులోని పవర్ సప్లైపై 240 వాట్లు అని వ్రాసియున్నది. ప్రాసెసరు 2013 నాటి ఐ5 4570. దాని అంకె 84 వాట్లు. కార్డు 2016 నాటి జి.టి.ఎక్స్. 1060, దానికి 120 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యానులకు 40 వాట్లు వేసికొందము. మొత్తము 84 + 120 + 40 = 244 వాట్లు. ఆఫీసులో ఉత్తరములు టైపు చేయునంతకాలము ఆ పెట్టె సుఖముగా ఉండెను. ఆట మొదలుకాగానే ప్రాసెసరు, కార్డు రెండును ఒకేమారు పూర్తిగా మేల్కొనును. పవర్ సప్లై తన్ను తాను రక్షించుకొనుటకు ఆగిపోయెను. అది దోషము కాదు. అది ఇచ్చిన హెచ్చరిక.

ఆ హెచ్చరికను బాలుడు అర్థము చేసికొనలేదు. అంతకుముందే మరొక తప్పు జరిగియుండెను. కార్డుకు స్లాటునుండి 75 వాట్ల వరకు అందును. అది చాలని కార్డులకు పైన వేరుగా తీగ తగిలించు చోటు ఉండును. 6 పిన్నుల కనెక్టరు 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు ఇచ్చునట్లు నియమము. ఆఫీసు పెట్టెలో 6 పిన్నుల తీగ లేదు. కార్డు అమ్మినవారు, డిస్కుకు విద్యుత్తునిచ్చు సాటా కనెక్టరును 6 పిన్నులుగా మార్చు చిన్న తీగను ఒకటి చేతికిచ్చి, "ఇది పెట్టుకో, నడుస్తుంది" అని పంపిరి.

సాటా కనెక్టరులో 12 వోల్టులకు మూడు పిన్నులు కలవు. ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లు మోయుటకు చేసినది. మొత్తము 4.5 ఆంపియర్లు, అనగా 54 వాట్లు. రెండవ కొసన ఉన్న 6 పిన్నులనుండి 75 వాట్లు, అనగా 6.25 ఆంపియర్లు తీసికొనుటకు కార్డుకు హక్కున్నది. అప్పుడు పిన్నుకు 2.08 ఆంపియర్లు. వేడి ప్రవాహముతో కాక ప్రవాహపు వర్గముతో పెరుగునని జౌల్ నియమము. 2.08ని 1.5తో భాగించి వర్గము చేసిన 1.93 వచ్చును. ప్రవాహము మూడవ వంతుకంటె కొంచెము ఎక్కువగా పెరిగినది. వేడి దాదాపు రెండింతలైనది. మూడు పిన్నులలో ఒకటి వదులుగా ఉన్నచో మిగిలిన రెండింటిపై 3.1 ఆంపియర్లు పడును. వేడి నాలుగింతలు దాటును. వేడికి పిన్ను పట్టు సడలును. పట్టు సడలగా నిరోధము పెరుగును. నిరోధము పెరుగగా వేడి ఇంకను పెరుగును. ప్లాస్టిక్కు కరగుట ఈ వరుసలో చివరి మెట్టుకు ముందు మెట్టు. చివరి మెట్టు నిప్పు. ఇంటివారు నిద్రించు వేళ అది జరిగియుండిన ఏమగునో చెప్పనక్కరలేదు.

తీగకు రెండు కొసలున్నవి గనుక విద్యుత్తు పోవును. కాని రూపము కుదుర్చు తీగ శక్తిని కల్పింపలేదు. ఈ ఒక్కమాటను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

పెద్ద పవర్ సప్లై కొని మార్చరాదా అని మీరు అడుగవచ్చును. నేనును అదే తలచితిని. మూత తీసి చూడగా మదర్‌బోర్డుకు పోవు ముఖ్యమైన తీగకు 24 పిన్నులకు బదులు 8 పిన్నులే ఉన్నవి. అది ఆ సంస్థ సొంత అమరిక. ఇంటెలువారు 1995లో ఎ.టి.ఎక్స్. అను ప్రమాణమును ప్రకటించినది ఇట్టి చిక్కులు లేకుండుటకే. కాని సిద్ధముగా కూర్చి అమ్ము పెద్ద సంస్థలు అన్నివేళల దానిని పాటింపవు. 1990ల చివర ఒక పెద్ద సంస్థ, చూచుటకు అచ్చముగా ప్రమాణ కనెక్టరువలె ఉండి, లోపలి తీగల వరుస మాత్రము వేరుగా ఉన్నదానిని వాడెను. మార్కెట్టు పవర్ సప్లైని నమ్మి తగిలించినవారి బోర్డులు కాలిపోయినవి.

క్రొత్త కంప్యూటరుకు లెక్క ఎట్లు వేయవలెనో చూడుడు. రైజెన్ 5 5600 పై 65 వాట్లు అని ఉండును. కాని పూర్తి పనిలో దానికి 88 వాట్ల వరకు అనుమతి కలదు. ఇట్లే ఐ5 12400 పై 65 అని ఉన్నను దాని గరిష్ఠము 117. లెక్కకు ఎప్పుడును గరిష్ఠమునే తీసికొనవలెను. 2021లో వచ్చిన ఆర్.ఎక్స్. 6600 కార్డుకు 132 వాట్లు. మిగిలినవాటికి 50. మొత్తము 88 + 132 + 50 = 270 వాట్లు. కార్డు ఒక్కొక్క క్షణములో తన సగటుకంటె ఎక్కువ లాగును. పవర్ సప్లై ఏండ్లు గడచినకొద్ది బలము తగ్గును. కావున 450 వాట్ల మంచి పవర్ సప్లై సమంజసము. ఇక్కడ 'మంచి' అను మాట ముఖ్యము. పెట్టెపై పెద్ద అంకె ఉండి, 12 వోల్టుల వరుసలో మాత్రము తక్కువ ఆంపియర్లు ఉన్నచో ఆ పెద్ద అంకె అలంకారమే. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టివాటికే పుట్టినదేమో!

ఏ పవర్ సప్లైయు తీసికొన్నదంతయు ఇవ్వదు. సామర్థ్యము 85 శాతమన్నచో, 270 వాట్లు అందించుటకు గోడనుండి సుమారు 318 వాట్లు లాగును. రోజుకు నాలుగు గంటలు ఆడినచో నెలకు సుమారు 38 యూనిట్లు. ఇంటి బిల్లు కట్టువారికి ఈ లెక్కయును తెలియుట న్యాయము.

కొలతలు, గాలి

పూర్తి ఎ.టి.ఎక్స్. బోర్డు 305 × 244 మి.మీ.; మైక్రో ఎ.టి.ఎక్స్. బోర్డు ప్రతివైపున 244 మి.మీ.; మినీ ఐ.టి.ఎక్స్. బోర్డు 170 మి.మీ. చిన్న బోర్డు పెద్ద పెట్టెలో పట్టును. పెద్ద బోర్డు చిన్న పెట్టెలో పట్టదు. కార్డు పొడవును, పెట్టెలో దానికి ఉన్న చోటును టేపుతో కొలిచి సరిచూడవలెను. పలుచని ఆఫీసు పెట్టెలలో మామూలు కార్డు నిలువదు. మామూలు కార్డు బిగింపు పట్టీ సుమారు 120 మి.మీ.; పలుచని పెట్టెలకు చేసినది సుమారు 80 మి.మీ.

కంప్యూటరు తీసికొను విద్యుత్తు అంతయు తుదకు వేడిగానే మారును. 270 వాట్ల కంప్యూటరు 270 వాట్ల పొయ్యియే. ఆ వేడిని గాలి మోసికొనిపోవలెను. కిలోగ్రాము గాలిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు సుమారు 1000 జౌళ్ళు కావలెను. పెట్టెలోనికి పోవు గాలికంటె బయటికి వచ్చు గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడిగా ఉండవలెనన్నచో సెకండుకు 27 గ్రాముల గాలి, అనగా సుమారు 24 లీటర్లు, పెట్టెగుండా పోవలెను. ముందువైపు అంతయు అద్దముతో మూసి రంగుల దీపములు పెట్టిన పెట్టెలో ఆ గాలి ఎటునుండి వచ్చును? మన ప్రాంతములో ఎండకాలము గది వేడి 40 డిగ్రీలు దాటును. ప్రాసెసర్లు సుమారు 90 నుండి 100 డిగ్రీల వద్ద తమ వేగమును తామే తగ్గించుకొనును. వేగమునకు డబ్బు పెట్టి, గాలి లేక ఆ వేగమును పోగొట్టుకొనుట తెలివి కాదు.

కొనకముందు అడుగవలసిన ప్రశ్నలు

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి పెద్ద బజారులో కొన్నను, ఊరి కొట్టులో కొన్నను, ఈ ప్రశ్నలకు జవాబులు కాగితముపై వ్రాయించుకొనవలెను.

1. ప్రాసెసరు పూర్తి అంకె, చివరి అక్షరముతో సహా, ఏమి?

2. మదర్‌బోర్డు పేరు ఏమి? దాని జాబితాలో ఈ ప్రాసెసరు ఉన్నదా?

3. ర్యామ్ పలకలు ఎన్ని? ఏ తరము? ఖాళీ స్లాటులు మిగులునా?

4. కార్డు పేరు, దాని సొంత జ్ఞాపకశక్తి, అది వాడు వరుసలు ఎన్ని? బోర్డు, ప్రాసెసరు ఇచ్చు దారి ఏ తరము?

5. పవర్ సప్లై చేసిన సంస్థ ఏది? 12 వోల్టుల వరుసలో ఆంపియర్లు ఎన్ని? కార్డుకు కావలసిన తీగ దానిలోనే ఉన్నదా?

6. పవర్ సప్లై, మదర్‌బోర్డు ప్రమాణ కొలతలవా, సంస్థ సొంత అమరికలా? రేపు ఒకటి చెడినచో బజారులో దొరకునా?

7. ఎస్.ఎస్.డి. ఏ విధమైనది? ఎమ్.2 స్లాటు ఒకే ఆకారములో ఉన్నను కొన్ని సాటా వేగముతో, కొన్ని ఎన్.వి.ఎం.ఇ. వేగముతో పనిచేయును. మొదటిదానికి సెకండుకు 550 మెగాబైట్లు హద్దు. రెండవది మూడవ తరము దారిలోనే 3500 వరకు పోవును.

8. పాతదైనచో, దానిపై ఏ ఆపరేటింగు సిస్టము నడచును? విండోస్ 10కి సంస్థ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కోరు ప్రాసెసర్ల జాబితా, ఇంటెల్ విషయమున, స్థూలముగా 8వ తరముతో మొదలగును.

విడిభాగములు కొని కూర్చుకొనువారికి మరొక్క హెచ్చరిక. తీగలు ఊడదీయుటకు వీలున్న పవర్ సప్లైలలో, ఒక సంస్థ తీగను మరొక సంస్థ పెట్టెకు తగిలింపరాదు. కంప్యూటరు వైపు కొసకు ప్రమాణమున్నది. పవర్ సప్లై వైపు కొసకు లేదు. తీగ చక్కగా పట్టును, డిస్కు కాలిపోవును.

చివరకు

మన విద్యార్థి కథ ముగింపవలెను. 1060 కార్డును అతడు పెద్ద పవర్ సప్లైగల మరొక విద్యార్థికి కొద్ది నష్టముతో అమ్మివేసెను. దాని బదులు, వేరుగా తీగ అక్కరలేని, స్లాటు ఇచ్చు 75 వాట్లతోనే నడచు జి.టి.ఎక్స్. 1650 రకపు కార్డును వాడినదానినే కొనెను. కొనకముందు లెక్క తానే వేసి నాకు చూపెను: 84 + 75 + 40 = 199. 240కి లోపల ఉన్నది. పాత ప్రాసెసరుకు విండోస్ 11 తగదు గనుక లినక్సు వేసికొనెను. ఆటలలో వెలుగునీడలు కొంత తగ్గించుకొని ఆడుచున్నాడు. బొమ్మలకు కదలిక నేర్పు పనియు సాగుచున్నది. తండ్రికి సంగతియంతయు చెప్పినాడట. "ముందే లెక్క వేసుకోవలసింది గదరా" అని ఆయన అన్నాడట. అంతకు మించి నేను చెప్పగలిగినదియు లేదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. విద్యుత్సామర్థ్యము, జౌల్ నియమము బోధించునపుడు బల్బు, ఇస్త్రీపెట్టెలతోపాటు ఈ లెక్కను తరగతిలో చేయించుడు. ఏదైన ఒక దుకాణపు ప్రకటనను నల్లబల్లపై వ్రాసి, ప్రతి భాగమునకు వాట్లు వేయించి, 12 వోల్టులపై ఆంపియర్లు కట్టించి, ఏ తీగ ఎంత మోయునో అడుగుడు. పిల్లలు ఆసక్తితో చేయుదురు; ఏలయన అది వారి కోరికకు సంబంధించిన లెక్క. ఆ కూడికకు ఒక సుద్దముక్క ఖర్చగును. దానిని వేయకపోవుట వలన ఒక ఇంటి రెండేండ్ల పొదుపు పోవచ్చును.